ఐదో వేలు

నా దగ్గర చదివే బాల్జాన్ వాళ్ల తాత క్లాసుగదిలోకి వచ్చి టోపీ తీశాడు. ఆ పిల్ల తండ్రి సంగతి నాకు పొద్దున్నే తెలిసింది. మా స్టెప్పీ గడ్డిమైదానాల్లో చావు కబురు సూటిగా చెప్పరు. పెద్దవాళ్లు చుట్టూ తిప్పి చెబుతారు.

"నా గుర్రప్పిల్లా," అన్నాడు తాత మనవరాలితో, "మంచుతుపానులో మంద వెంట వెళ్లిన మీ నాన్న ఎక్కిన గుర్రం ఖాళీ జీనుతో ఇంటికొచ్చిందమ్మా."

"గుర్రమొచ్చిందా!" అని బాల్జాన్ నవ్వింది.

"దానికి అర్థం కాలేదు. పోనీలే, ఈ ఒక్కరోజూ నవ్వనివ్వమ్మా," అన్నాడు తాత నాతో, గొంతు తగ్గించి.

హమ్మయ్య అనుకున్నాను. "కుక్కను తరిమిన మేక" అంటే, కుక్కే మేకను తరుముతున్న బొమ్మ చూపించే పిల్ల అది. పొడుగు మాట చివరికొచ్చేసరికి మొదలు జారిపోతుంది. అందుకే మాటను విడగొట్టి, ముక్కకో వేలు మడవడం ఏడాదిగా నేర్పుతున్నాను. చిన్నచిన్న మాటలు పట్టుబడ్డాయి. చెప్పిన ప్రతిసారీ "రైటే కదా, టీచర్?" అంటూ ఎండు ఖుబానీ పండు కోసం చేయి చాపేది. పొడుగువి మాత్రం ఒక్కసారీ నిలవలేదు.

సంచీ సర్దుకోబోతూ బాల్జాన్ ఆగింది. బొటనవేలు మడిచింది.

"మంచు పడింది. నాన్న మంద వెంట వెళ్లాడు. నాన్న గుర్రమెక్కాడు. గుర్రం ఇంటికొచ్చింది."

చిటికెన వేలు దగ్గర చాలాసేపు ఆగింది.

"జీను ఖాళీ."

పిడికిలి బిగుసుకుంది. ఈసారి చేయి చాపలేదు.

"తప్పే కదా, టీచర్?"