సూది దొరకని పేట

“మళ్ళీ వచ్చావా? ఒక్క సూది కూడా అమ్మనివ్వను. వెళ్ళమ్మా, వెళ్ళు!” గేటు గొళ్ళెం మీంచి చెయ్యి తీయకుండానే అరిచారు సుధాకర్ మాస్టారు.

గేటు అవతల ఎండలో మెర్సీ నిలబడి ఉంది. ఆయన దగ్గరే ఏడో తరగతి చదివిన పిల్ల. మత్తుమందులకు అలవాటుపడ్డ కుర్రాళ్ళకి కొత్త సూదులిచ్చి, వాడినవి వెనక్కి తీసుకునే సెంటర్‌లో పనిచేస్తోంది. మాస్టారి దృష్టిలో ఇంతకన్నా పాపిష్టి ఉద్యోగం భూమ్మీద లేదు.

“అందుకు రాలేదు మాస్టారండీ. కాస్త లోపలికి రానిస్తే...”

“ఏం చెబుతావో నాకు తెలీదా? మన పేటలో మెడికల్ షాపులన్నీ తిరిగి, డాక్టరు చీటీ లేకుండా కుర్రాళ్ళకి సూదులివ్వొద్దని దండం పెట్టి మరీ ఒప్పించింది ఎవరు? నేను! చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. నీ ఒక్కదానికే కడుపుమంట.”

“మీరు ఆపించాక కాలవ లాకుల దగ్గర అయిదుగురు కలిసి ఒకే సూది వాడారండి. ఇప్పుడు అయిదుగురికీ హెచ్ఐవి.”

తగ్గితే ఓడినట్టవుతుందనుకున్నారో ఏమో, మాస్టారు గొంతు ఇంకాస్త పెంచారు.

“వాళ్ళకి అమ్మా నాన్నా లేరా? నన్ను చూసి నేర్చుకోమను. మా ఎజ్రా కూడా అదే దారి పట్టాడు. ఆర్నెల్లుగా గడప దాటనిచ్చానా? దాటితే పక్కన నేనుండాల్సిందే. సూది దొరక్కపోతే ఆ అలవాటు అదే చస్తుంది!”

కొడుకుని చావు నోట్లోంచి లాక్కొచ్చానన్న నమ్మకం ఆయనది. పాపం, ఆ నమ్మకంతోనే ఆర్నెల్లుగా కంటినిండా నిద్రపోతున్నారు.

“ఆ అయిదో కుర్రాడు ఎజ్రానే మాస్టారండీ.”

“నోర్ముయ్!” అన్నారు మాస్టారు.

“మొన్న వాడికి పన్ను పీకించడానికి ఆసుపత్రికి తీసుకొచ్చారు కదండీ. మీరు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్క గదిలో మాకు పరీక్షకి రక్తం ఇచ్చాడు. మీతో చెప్పే ధైర్యం లేక, నన్నే చెప్పమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. మందులున్నాయండి. మానకుండా వేసుకుంటే బతుకుతాడు.”

మాస్టారు గేటు పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డారు. అంతలోనే ఏదో ఆసరా తోచినట్టు తలెత్తారు.

“అయితే అయింది. అది ఆర్నెల్ల కిందటి పాపం. అప్పట్నుంచీ నా బిడ్డ ముట్టుకోలేదు. ఏ పోకిరీవెధవో గోడ మీంచి మందు పొట్లం విసిరినా, సూది లేకుండా ఏం చేసుకుంటాడు? ఈ ఇంట్లోకి ఒక్క సూది రానిచ్చానా నేను?”

మెర్సీకి ఏడుపొచ్చింది. గేటు తోసుకొచ్చి, ఆయన పక్కనే మట్టిలో కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

“బయట్నుంచి రానక్కర్లేకపోయింది మాస్టారండీ. మీరు పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, మళ్ళీ పనికొస్తుందని ఫ్రిజ్‌లో దాచుకుంటారే, ఆ సూదితోనే ఎక్కించుకుని, కడిగి, తిరిగి అక్కడే పెట్టేవాడట. లేవండి, ముందు మీకు రక్తపరీక్ష చేయించాలి.”