నీళ్ల ట్యాంకరు

స్తెఫనుకి కాలు ఒకచోట నిలవడం లేదు.

నందిగామలో హైవే పక్కన ఒక షెడ్డు. అందులో పెట్రోలు, యాసిడ్ లాంటి ప్రమాదకరమైన సరుకు తోలే డ్రైవర్లకి శిక్షణ. సర్టిఫికెట్ లేకపోతే ఇకమీదట ట్యాంకరు ఇవ్వనని ఓనరు తేల్చి చెప్పాడు. ఇన్నేళ్లు స్టీరింగు పట్టినవాడు పిల్లాడిలా బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. పైగా కిటికీలోంచి చూస్తే రోడ్డవతల భార్య కృపావతి బజ్జీల బండి. ఆమె ఇటు చూసి నవ్వినప్పుడల్లా అతనికి ఒళ్లు మండుతోంది.

మధ్యాహ్నం రిహార్సలు ఉంటుందన్నాడు పాఠాలు చెప్పే భవానీప్రసాద్. నీళ్లు నింపిన ట్యాంకరొకటి వచ్చి రోడ్డు మీద లీకవుతుంది. పెట్రోలే అనుకుని నేర్చుకున్నదంతా చేసి చూపించాలి. తప్పితే మళ్లీ మొదటినుంచీ క్లాసులే. ఆ మాట చెప్పి, ట్యాంకరు తీసుకురావడానికి స్కూటరెక్కి వెళ్లాడు.

ఎంతకీ రాడు. డ్రైవర్లు విసుక్కుంటున్నారు. స్తెఫను వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అంతలో వచ్చింది ట్యాంకరు. కీచుమని బ్రేకు పడి, రోడ్డు పక్క రాయిని గుద్దుకుని ఆగింది. అడుగునుంచి ధార కారుతోంది. డ్రైవరు కిందకి దూకి, పారిపొమ్మని అరుస్తూ పొలాలకి అడ్డం పడి పరిగెత్తాడు.

"సారు మంచి యాక్టర్నే తెచ్చిండు," గరికపాడు నుంచి వచ్చిన సాంబయ్య నవ్వాడు. వాసన కోసం కాస్త పెట్రోలు కూడా కలిపించినట్టున్నారని ఇంకొకడన్నాడు.

ఎంత త్వరగా అయితే అంత త్వరగా పీడ వదులుతుందని స్తెఫను పరుగు తీశాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాడు. సాంబయ్యని ఒకవైపుకి, ఇంకొకణ్ణి రెండోవైపుకి తరిమి, బస్సుల్ని దూరంగా నిలబెట్టి ఇంజన్లు ఆపించాడు. బస్సు దిగి చుట్ట ముట్టించబోతున్న పెద్దాయన చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కున్నాడు.

ధార పల్లంలో ఉన్న బజ్జీల బండివైపే సాగుతోంది.

"పొయ్యి ఆర్పు."

కృపావతి చేతిలో గరిట ఆగలేదు. "ఉత్తుత్తి నాటకానికి మూకుడంతా పాడుచేసుకోమంటావా?"

"సారు ఎక్కణ్ణుంచో చూస్తుంటాడు. మార్కులు పోతాయి. ఆర్పవే."

ఆమె వినలేదు. షెడ్డు ముందున్న ఎర్ర బకెట్టు తెచ్చి పొయ్యి మీద ఇసుక కుమ్మరించాడు. మూకుడు నిండా ఇసుకే. ఆమె శాపనార్థాలు పెడుతుంటే, మిగతా బకెట్లు తెప్పించి ధారకి అడ్డంగా కట్ట పోశాడు. ట్యాంకరు కిందకి దూరి వాల్వు బిగించాడు. ధార ఆగింది.

బస్సుల్లోని జనం చప్పట్లు కొట్టారు. స్తెఫనుకి సిగ్గేసింది, కాస్త గర్వంగానూ ఉంది. ట్యాంకరు నీడలో చతికిలబడి బీడీ తీశాడు. సారు చూసేదాకా ముట్టించకూడదని పళ్ల మధ్యే పెట్టుకున్నాడు. పక్కన సాంబయ్య అగ్గిపుల్ల తీసి పట్టుకున్నాడు.

ఆగిన బస్సుల వెనక స్కూటరు వదిలేసి, చెమట తుడుచుకుంటూ భవానీప్రసాద్ నడిచి వచ్చాడు.

"ఏమీ అనుకోకండయ్యా," అన్నాడు దూరం నుంచే, "మన నీళ్ల ట్యాంకరు పంచరై ఇంకా కంచికచర్లలోనే ఉంది."