ఇద్దరు పెంటయ్యలు

“నేను చెక్కు రాసింది దాణా పెంటయ్యకు సారూ. మీరు పైసలేసింది నా తమ్ముడు పెంటయ్యకు. ఏంది గీ లొల్లి?”

మొగులయ్య గొంతుకు నయాపూల్ దగ్గరి ఆ బ్యాంకులో వరుసలో నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. మేనేజరు డానియేలు కుర్చీలోంచి లేచాడు.

“ముందు కూర్చోండి పెద్దాయనా. ఎంత?”

“తొంభై వేలు. మూడు నెలల తవుడు, పల్లిచెక్క బాకీ. కిషన్‌బాగ్‌ల మా దిక్కు ఉన్నదొక్కటే దాణా కొట్టు. రేపట్నుంచి ఆయన దాణా బంద్ చేస్తే నా పద్నాలుగు బర్రెలు ఏం తినాలె? మీ పాస్‌బుక్కులా?”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. డానియేలు చెక్కు తెప్పించి చూశాడు. గుండ్రటి పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో చేత్తో రాసిన చెక్కు. పేరు దగ్గర ఇంటిపేరు లేదు. ‘పెంటయ్య’ అని మాత్రం ఉంది.

కౌంటరులో అమల ముఖం చిన్నబోయింది. ఈ బ్రాంచిలో పాలవాళ్లు చెక్కు తెచ్చిస్తే, దాంతోపాటు పెట్టాల్సిన చీటీ ఆమే నింపిపెడుతుంది.

“సోమవారం తాత నా చేతికే ఇచ్చిండు సార్. మన కంప్యూటర్‌ల పెంటయ్య అని ఒక్కరే ఉన్నరు. ఆయనే అనుకున్న.”

“ఖాతా నంబరు అడగాలి కదమ్మా!”

“ఆ పిల్లనేమనకుండ్రి,” మొగులయ్య అడ్డొచ్చాడు. “తప్పు బ్యాంకుది. పిల్లది కాదు.”

డానియేలు నుదురు తుడుచుకున్నాడు. “సరే, ఫికర్ చేయకండి. మీ తమ్ముడు ఒప్పుకుని సంతకం పెడితే పైసలు వెనక్కి వేసేస్తాం. ఒకసారి ఆయనకు ఫోన్ కొట్టండి.”

“నేనా? ఆరేండ్లాయె మా నడుమ మాటల్లేక. సదర్ పండుగ నాడు ఎవరి దున్నపోతు ముందు నడవాలని లొల్లి అయింది. అటెన్క వాడు దబీర్‌పురాకు పోయిండు. మీరే చేయుండ్రి. తప్పు మీది కదా.”

అరగంటలో పెంటయ్య స్కూటరు మీద వచ్చాడు. అన్నను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తరువాత మెడ బిగించి మేనేజరు వైపే చూస్తూ లోపలికి వచ్చాడు.

“నా బర్రె లోను వచ్చిందనుకున్న సార్. ఫోన్‌ల మెసేజ్ రాంగనే పోయి చూడి బర్రెను కొనుక్కొచ్చిన.”

“మీ లోను ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉందయ్యా!”

పెంటయ్య ముఖం పాలిపోయింది. గాలికుంటు రోగం తగిలి రెండు బర్రెలూ పోయాక, ఆరు నెలలుగా ఖాళీ కొట్టం ఊడ్చుకుంటున్న మనిషి.

“మరి ఎవరి పైసలు సార్ అవి?”

“మీ అన్నవి.”

“అయ్యో! మొన్న వదిన పంపిన పైసలే గేటు కాడికెల్లి వాపస్ పంపిన. ఆయన పైసా ముట్టనని నలుగురి ముంగట ఒట్టేసిన. బర్రెను తోలిన కాడికే తోలేస్త సార్.”

మొగులయ్య కూడా మేనేజరు వైపే తిరిగాడు. “దినాలు నిండిన బర్రెను మళ్ల రోడ్డు పట్టిస్తడా అడుగుండ్రి సారూ. నడిమిట్ల ఈనితే?”

“మరి నన్నేం చేయమంటడో అడుగుండ్రి సార్.”

“ఏం చేస్తడో తననే చెప్పమనుండ్రి సారూ.”

డానియేలుకు మెడ నొప్పి పుట్టింది. “ఇద్దరూ మూడడుగుల దూరంలో ఉన్నారు. నడుమ నేనెందుకయ్యా?”

వరుస మొత్తం నవ్వింది. పెంటయ్య పెదవి కొస కూడా కొంచెం కదిలింది.

“పాలు పోస్త,” అన్నాడు చివరికి. “బర్రె ఈనినంక రోజుకు ఐదు లీటర్లు, బాకీ తీరేదాక. గట్లయితే ఆయన పెట్టింది తిన్నట్టు కాదు.”

“ఎవరితోనన్నా పంపిస్తే తీసుకోను. తనే తేవాలె.”

“ఆయన ఇంటికా? నేను రాను.”

“నా ఇంటికెవరు రమ్మన్నరు? వాళ్ల వదిన ఇంటికి రమ్మనుండ్రి.”

పెంటయ్య స్కూటరు తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“వదిన చాయ్‌ల ఇంకా ఇలాచి వేస్తదా?” అని అడిగాడు, ఈసారి మేనేజరు వైపు చూడకుండా.

“వేస్తదిరా,” అన్నాడు మొగులయ్య.

డానియేలు గబగబా కాగితం రాయించి, ఎవరూ మనసు మార్చుకోకముందే ఇద్దరి సంతకాలూ తీసుకున్నాడు. బ్యాంకు తరఫున రెండుసార్లు క్షమాపణ చెప్పాడు. మొగులయ్య పెద్ద మనసు చేసుకుని క్షమించాడు.

ఇరవై రోజులకు బర్రె ఈనింది. తొలిపాలు పట్టుకుని పెంటయ్య పొద్దున్నే కిషన్‌బాగ్‌లో దిగాడు. వదిన రుక్మాబాయి జున్ను వండి, మరిది వద్దంటున్నా రెండోసారి వడ్డించింది. ఈసారి సదర్‌లో ఎవరి దున్నపోతు ముందు నడవాలో అన్నదమ్ములు అప్పుడే మళ్లీ మొదలుపెట్టారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఒక డబ్బా నిండా జున్ను వేసి మొగులయ్య చేతికిచ్చింది.

“బ్యాంకుల ఆ పిల్లకు ఇచ్చి రా. పాపం, మాట పడ్డది.”

మొగులయ్య డబ్బా పట్టుకుని బయల్దేరాడు. దారిలో, ఆ దిక్కున్న ఒకే ఒక్క దాణా కొట్టు దగ్గర ఆగి, మూడు నెలల బాకీ కట్టాడు.

రసీదు మీద, ఎప్పటిలాగే, కొట్టు యజమాని ప్రహ్లాద్ సంతకం చేశాడు.