సంబంధం లేని గీత

“ఈ అమ్మాయితోనూ గుండు సున్నాయే!” పెళ్లి సంబంధాల ఆఫీసులో తల్లి కంప్యూటర్‌ను కూతురి వైపు తిప్పింది. “నీ ప్రోగ్రాం ఇవాళ్టితో సరి. తీసి అవతల పారేస్తాను. నా నోటిమాటతో ఎన్ని పెళ్లిళ్లు కాలేదు!”

కూతురు కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆ ప్రోగ్రాం ఆమె ప్రాణం. వచ్చినవాళ్లు పొద్దుట్నుంచి రాత్రిదాకా తమ ఉత్సాహం ఎలా ఉంటుందో ఒక గీత గీసివ్వాలి. హుషారైతే మధ్యగీతకు పైన, నీరసమైతే కింద. ఇద్దరి గీతల్నీ క్షణం క్షణం గుణించి కూడితే జోడీ సంగతి తేలిపోతుంది. ఆఫీసు గోడ నిండా ఆ గీతలే.

ఎదురుగా కూర్చున్నది అదే కాలేజీ డ్రాయింగ్ మాస్టారు. నెల్లాళ్లుగా వచ్చి గోడకేసి చూస్తూ కూర్చుని, నిన్ననే గీత గీసిచ్చాడు. ఎవరితో కలిపినా సున్నా. మనిషి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతున్నాడు.

“సున్నా అంటే పడదని కాదమ్మా. పడకపోతే మైనస్ వచ్చేది. సున్నా వస్తే ఆ గీతలు లంబం అంటాం. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదని.”

“బాగుందే! సంబంధం కోసం వచ్చినబ్బాయికి సంబంధం లేదని చెప్పి పంపనా?”

కూతురు ఆ గీతను అలలు అలలుగా విడగొట్టి మళ్లీ లెక్కేసింది. ఉన్నట్టుండి చప్పట్లు కొట్టింది.

“ప్రోగ్రాం బంగారమమ్మా! అన్నిటికీ లంబమైతే రెండే కారణాలు. ఈయన గీతే ఒట్టి సున్నా అయినా అయ్యుండాలి...”

“అబ్బే, అంత తీసిపోలేదండీ,” అన్నాడు మాస్టారు.

“...లేదా మన గోడమీద ఒక గీత తక్కువ!”

“ఊళ్లో పెళ్లికావలసిన పిల్లలంతా ఉన్నారుగా గోడమీద?” తల్లి ఆగి, కూతుర్ని ఎగాదిగా చూసింది. “నువ్వు తప్ప.”

కూతురి మొహం ఎర్రబడింది. “ఊరుకోమ్మా! ఏదో కాకతాళీయంగా కుదిరుంటుంది. కావాలని అలాంటి గీత గీయడం ఎవరి తరం?”

మాస్టారు టీకప్పు కింద పెట్టాడు.

“కష్టమేనండీ. కాలేజీలో మీ క్లాసు మా డ్రాయింగ్ గది గోడ అవతలే కదా, ‘ఒక్కొక్కదాని వాటా తీసేస్తూ పొండి, అన్నిటికీ లంబమైనదే మిగులుతుంది’ అని మీరు చెప్తుంటే విని, నా గీతలోంచి వీళ్లందరి వాటాలూ తీసేశాను... మిగిలిందంతా మీదే.”