గులాం రసూల్ చెవులు

"మొదటిదే మంచిగున్నది బేటా. గొంతు సాఫ్‌గ వినిపించింది," అన్నాడు గులాం రసూల్.

షాహెద్ పకపకా నవ్వాడు. ముసలాయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఒకే రికార్డును ముల్లుండే కార్ట్రిడ్జ్‌లు రెండు మార్చి, మామూలుదానితో ఒకసారి, ఖరీదైన జపాన్‌దానితో ఒకసారి వినిపించింది అతనే.

"మొదటిది మామూలుది చాచా! జపాన్‌ది రెండోది. నలభై ఏండ్లు పెండ్లిళ్లల్ల రికార్డులు ఏసిన చెవులు గింతేనా?"

తమాషా చూడ్డానికొచ్చిన షాహెద్ మిత్రులిద్దరూ గొల్లుమన్నారు. "ఇగ చాచా పని అయిపోయింది," అనుకుంటూ బయటికి నడిచారు. గులాం రసూల్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు.

షాహెద్ టర్న్‌టేబుల్ నుంచి కార్ట్రిడ్జ్ విప్పాడు. చేతికొచ్చింది మామూలుది. అంటే మిత్రులతో మాటల్లో పడి జపాన్‌దాన్నే ముందు బిగించాడు.

అతని ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"చాచా, నేను చెప్పింది తప్పని నీకు తెలుసా?"

"తెల్వకేంది? నీ దోస్తుల ముందట నీ మాట పోవద్దని ఊకున్న."

నవ్వులపాలు చేయడానికే తనను పిలిచారని కూడా ఆయనకు తెలిసే ఉంటుంది. షాహెద్ తలెత్తలేకపోయాడు.

బయట మిత్రుల బండి స్టార్టయింది. అది నారాయణఖేడ్ బజారు చేరిందంటే చాచా చెవులు పనిచేయడం లేదన్న మాట ఊరంతా పాకుతుంది.

షాహెద్ చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికాడు.

"ఆగుండ్రి! తప్పు నాది. లోపలికి రాండ్రి, చాచా ముందటనే చెప్త."