క్రీము బన్ను కుట్ర

దర్జీ ఎడమచేయి ఇంకా బయలుదేరనే లేదు, ఎదుటనున్న బేకరీ యజమాని తల అప్పటికే పక్కకు తప్పుకుంది. ఆ దెబ్బ శూన్యాన్ని శాస్త్రోక్తంగా దండించి వెనుదిరిగింది. దాని వెంట కుడిచేయి వెళ్లింది. బేకరీ యజమాని గ్లవ్సు ముందే దారిలో నిలబడి, చెప్పి వచ్చిన చుట్టాన్ని అందుకున్నట్టు దాన్ని అందుకుంది. పక్కటెముకల మీదికి వంచి విసిరిన మూడో దెబ్బ మోచేతికి తగిలి చల్లారింది. అప్పుడు బేకరీ యజమాని తీరుబడిగా ఒక్కటిచ్చాడు. దర్జీ ముక్కు కందగడ్డ అయింది.

గంట మోగింది. ఇక మిగిలింది ఆఖరి రౌండు. పేరుకు స్పారింగే, సాధన కోసం ఆడుకునేదే. కానీ ఆదివారం బాక్సింగ్ పోటీకి ఇద్దరిలో ఎవరు వెళ్లాలో దీన్ని చూశాకే తేలుస్తానని కోచ్ ముందే ప్రకటించాడు.

దర్జీ తన మూలనున్న స్టూలును సింహాసనంలా అధిష్ఠించి ఆలోచనలో పడ్డాడు. తనలో లోపమంటూ కనిపించలేదు. కోచ్ దెబ్బలకు పేర్లు కాక అంకెలు పెట్టాడు. ఎడమచేత్తో సూటిగా కొడితే ఒకటి, కుడిచేత్తో అయితే రెండు, ఎడమచేయి వంచి పక్కనుంచి కొడితే మూడు. లయ కుదరాలంటే ఆ అంకెలను మనసులో జపంలా నడిపించుకోమన్నాడు. దర్జీ ఆ జపాన్ని భక్తిశ్రద్ధలతో చేస్తున్నాడు. లయ కుదిరింది, కాళ్లు కదులుతున్నాయి, ధైర్యానికీ కొదవ లేదు. అయినా ప్రతి దెబ్బా ఎదుటివాడికి ముందే తెలిసిపోతోంది. అంటే ఎవరో చేరవేస్తున్నారు.

ఎవరన్నది తేల్చడానికి పెద్ద విచారణ అక్కర్లేకపోయింది. మొదటి విరామంలో దర్జీ ఒక యుద్ధరహస్యం చెప్పాడు. ఈసారి రెండుతో మొదలుపెట్టి శత్రువును చిత్తు చేస్తానన్నాడు. తీరా చూస్తే ఆ రెండుకు కూడా బేకరీ యజమాని గ్లవ్సు సిద్ధంగా ఉంది. వేలాడే బస్తాల మీద దబదబమని గుద్దులు పడే ఆ హాలులో నాలుగడుగుల దూరాన ఉన్న మనిషి మాట వినబడదు. రహస్యం విన్న చెవి ఒక్కటే. అది, తువ్వాలు పట్టుకుని తాళ్ల అవతల నిలబడ్డ బావమరిదిది.

పైగా అతడు రౌండంతా ఆ చెవిని గోక్కుంటూనే ఉన్నాడు. దర్జీ దృష్టిలో అది దురద కాదు, సంకేతం.

అతడు తువ్వాలుతో దర్జీ ముక్కు తుడవబోతే, ఆ చేతిని దర్జీ పక్కకు నెట్టాడు.

"నిన్న బేకరీ దగ్గర ఏం చేస్తున్నావు?"

"క్రీము బన్ను తిన్నా బావా."

"డబ్బులిచ్చావా?"

"ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మీ బావగారు గట్టిగా కొడతారా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"కొడతారు, తగిలితే అన్నా."

దర్జీకి సర్వమూ బోధపడింది. చరిత్రలో రాజ్యాలెన్నో అమ్ముడుపోయి ఉండవచ్చు, కానీ ఒక్క క్రీము బన్నుకు ఏ రాజ్యమూ పోయి ఉండదు. ఆ బాధతోనే శిక్ష ప్రకటించాడు. ఈ క్షణమే హాలు విడిచి పొమ్మన్నాడు. రేపట్నుంచి దుకాణానికి రానక్కర్లేదన్నాడు. కత్తిరింపు బల్ల దగ్గర ఇంతకాలం పక్కనే నిలబెట్టుకున్నందుకు తన్ను తానే నిందించుకున్నాడు. చివరికి, ఇంట్లో పెట్టిన మంచం కూడా ఎత్తుకెళ్లమన్నాడు.

బావమరిది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తాడు మీద వేశాడు.

"అక్కకి మాత్రం నువ్వే చెప్పు బావా" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆఖరి రౌండుకు గంట మోగింది.

కోపంతో దర్జీ దవడలు గడియ వేసినట్టు బిగుసుకున్నాయి. మౌత్‌గార్డులో పళ్లు దిగబడ్డాయి. నోరు విప్పితే ఏ బూతు దొర్లుతుందోనన్నట్టు పెదవులు అతుక్కుపోయాయి. జపమూ గిపమూ ఆ ఆవేశంలో కొట్టుకుపోయాయి. విచిత్రంగా, లయ మాత్రం కాళ్లలోనే మిగిలిపోయింది. కుట్టుమిషను పెడల్ మీద పాదం తనంతట తాను ఆడినట్టు ఆడింది. ఎడమచేయి వెళ్లి నుదుటిని పలకరించింది. కుడిచేయి చెంపను పలకరించింది. బేకరీ యజమాని ఏదో వినవలసినవాడిలా మెడ ముందుకు చాచి, అయోమయంగా చూస్తూ, వచ్చిన ప్రతి దెబ్బా తిన్నాడు. చివరికి తాళ్ల మీద వాలిపోయి, ఇక చాలని చేయి ఊపాడు.

కోచ్ దర్జీ చేయి పైకెత్తాడు. ఆదివారం నువ్వే అన్నాడు.

దర్జీ ఆ గౌరవాన్ని తల పంకించి స్వీకరించాడు. న్యాయం ఇంత స్పష్టంగా రుజువు కావడం అరుదు. ద్రోహి గుమ్మం దాటాడు, దెబ్బలు తగిలాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏ న్యాయస్థానం అడుగుతుంది? భార్యకు ఈ సంగతి ఎలా చెప్పాలో అప్పుడే వాక్యాలు కూర్చుకోసాగాడు. తమ్ముడే కదా అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అయినా తాను మెత్తబడకూడదు.

బేకరీ యజమాని చెంప తడుముకుంటూ దగ్గరికి వచ్చాడు. నేరం ఒప్పుకోవడానికే వస్తున్నాడని దర్జీ గంభీరంగా నిలబడ్డాడు.

"టైలరు గారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. రెండు రౌండ్లూ ఏ దెబ్బ వేస్తున్నారో ఆ అంకె పైకి చెప్పి మరీ కొట్టారు కదా, ఆఖర్లో ఆ మర్యాద ఎందుకు మానేశారు?"