ఏరియల్ మీద వేలు

“ఏరియల్ ఇక వదిలెయ్ నాన్నా. ఇది డిజిటల్ రేడియో. స్టేషన్లు తనే వెతుక్కుంటుంది. గురగుర ఉండదు,” అన్నాను.

మా టైలరింగ్ కొట్లో, అమ్మ వినే నాటకం వచ్చే అరగంటా పాత రేడియో ఏరియల్‌కి వేలు ఆనించి నిలబడడం ఇరవయ్యేళ్లుగా నాన్న డ్యూటీ.

“బతికిపోయాను!” అంటూ నాన్న ఒక్క ఉదుటున ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

అమ్మ కాజాలు కుడుతూ కాసేపు వింది.

“గొంతులు ఎంత స్పష్టంగా ఉన్నాయో కదమ్మా?”

“ఉన్నాయిలే,” అంది మూతి ముడుచుకుని.

అంతలో రేడియో మూగబోయింది. చూస్తే, అమ్మ ఏరియల్‌ని మొత్తం లోపలికి నొక్కేసి, ఏమీ ఎరగనట్టు సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

“ఏమండీ, మీ అమ్మాయి తెచ్చిన రేడియోకీ మీ వేలే కావాలట!”

“నేను లేందే ఈ కొట్లో ఒక్క పనీ జరగదు కదా,” అని గొణుగుతూ వచ్చాడు నాన్న. ఏరియల్ పైకి లాగాడు. నాటకం మళ్లీ మొదలైంది. వేలు మాత్రం తియ్యలేదు.

“పలుకుతోందిగా నాన్నా, వదిలెయ్యొచ్చు.”

“వదిలితే మీ అమ్మ మళ్లీ నొక్కేస్తుందే,” అన్నాడు నాన్న, స్టూలు అమ్మ పక్కకి లాక్కుంటూ.